నాన్న ఏడవని సీను

సినిమా టైటిల్స్‌లో నా పేరు భోజనాలు పెట్టినవాళ్ల పేర్ల తర్వాత వచ్చింది. దాని గురించి ఇప్పుడు మాట్లాడను. మాట్లాడదలిస్తే చాలా ఉన్నాయి. కథ చెప్పడానికి వెళ్లిన మొదటి రోజు దర్శకుడు మా ఊరెక్కడని అడిగాడు. ఆత్మకూరు దగ్గర అంటుండగానే, "ఓ, సీమా? కథలో కత్తులున్నాయా?" అన్నాడు. లేవన్నాను. అప్పుడతను నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. కానీ నా ఫిర్యాదంతా ఒక్క సీను గురించి.

మా నాన్న తత్వాలు పాడతాడు. మా వైపు ఎవరైనా పోతే, శవం లేచేదాకా భజన గుంపు పక్కన కూర్చుని తత్వాలు పాడుతుంది. దేహం అద్దె ఇల్లు, ఉన్నవాడు ఖాళీ చేసి వెళ్లాడు, ఇక గోడలు పట్టుకుని ఏడవడమెందుకు అన్నది ఆ పాటల సారం. అందుకే ఆ గుంపుకొక కట్టుబాటు ఉంది. తంబుర పట్టినవాడు శవం ముందు కన్నీళ్లు పెట్టకూడదు. పెడితే మళ్లీ తంబుర ముట్టకూడదు. నాన్న మహానందిలో తన గురువు ముందు ఆ ఒట్టు వేశాడు.

నేను కాలేజీలో ఉండగా అమ్మ పోయింది. తెల్లవారుతూనే పోయింది. మధ్యాహ్నం దాటేదాకా నాన్న ఆమె తలాపున కూర్చుని పాడాడు. ఒక్క చుక్క రాలలేదు. పల్లవి వచ్చినప్పుడల్లా మాత్రం, ఒక చేత తంబుర మీటుతూ, చిరతలున్న రెండో చేత్తోనే కండువా కొస ఎత్తి, అమ్మ మొహం మీది ఈగలను తోలేవాడు. తాళం తప్పలేదు. "ఎంత గట్టి మనిషప్పా!" అని ఊరంతా మెచ్చుకుంది. నేను మెచ్చుకోలేదు. ఆ గట్టితనాన్ని ఏళ్ల తరబడి క్షమించలేకపోయాను.

ఆ కోపంతోనే కథ రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే ఈగలు తోలిన ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనపడలేదు. ఏడవకూడని మనిషి ఏడవడానికి వెతుక్కున్న దారి అదేనని రాస్తూ రాస్తూ తెలిసింది. తత్వం నాన్నది, కోపం నాది. రెంటిలో ఏది లేకపోయినా అది కథ అయ్యేది కాదు.

"ఈగల్ని ఎక్కడ తెస్తాం సార్? తెచ్చినా చెప్పిన మాట వింటాయా?" అన్నాడు దర్శకుడు. గదిలో అందరూ నవ్వారు. "పెళ్లాం పోతే ఏడవని తండ్రిని జనం ఒప్పుకోరు. పాట మధ్యలో గొంతు పూడుకుపోవాలి, తంబుర జారిపోవాలి, శవం మీద పడి భోరుమనాలి."

నేను కట్టుబాటు సంగతి చెప్పాను.

"అదే కదా సార్! ఒట్టు తెగితేనే డ్రామా."

గట్టిగా వాదించాను. మర్నాటి నుంచి సెట్లో నాకు కుర్చీ వెయ్యలేదు.

సినిమా కర్నూలుకు వచ్చినప్పుడు భజన గుంపంతా నాన్నతో పాటు చూడ్డానికి వచ్చింది. ఆ సీను దగ్గర హాలంతా ముక్కులు చీదింది. బయటికి వచ్చాక, గుంపులో డోలు వాయించే సాయెబు మామ నాన్న పక్కకు చేరాడు. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ జతగాళ్లు.

"అన్నా, ఆ పొద్దు నువ్వు ఏడిస్తివా?"

"యాడ ఏడిస్తిరా? నువ్వు పక్కనే డోలు వాయిస్తాంటివి గదా!"

"నేను డోలు చూసుకుంటాంటి అన్నా. నీ కొడుకు ఎదురుగా ఉండె. ఆయప్పే రాసినాడంటే..."

"మామా, నేనట్ల రాయలేదు. వాళ్లు మార్చినారు" అన్నాను.

"తెర మీద పేరు నీదే పడె గదప్పా!"

భోజనాలవాళ్ల కింద పడిన పేరు ఇందుకు మాత్రం బాగా పనికొచ్చింది.

ఆ తర్వాత ఊళ్లో ఒక చావుకు నాన్నను పిలవలేదు. ఇంకో చావుకూ పిలవలేదు. తప్పు చేశావని ఎవరూ అనలేదు. పెద్దాయన, ఇంటికాడ ఉండనీలే అన్నారట. నేను ఊరుకోలేదు. దర్శకుడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. హైదరాబాదు వెళ్లి తెలిసినవాళ్లందరి దగ్గరా మొరపెట్టుకున్నాను. కథ అమ్ముకున్నాక నీదెలా అవుతుందన్నారు. గుంపులో వాళ్ల గడపగడపా ఎక్కి, నాన్న ఏడవలేదని ఒట్టేసి చెప్పాను. "ఏడిస్తే ఏమిలేప్పా, పెండ్లాం గదా" అని నన్నే ఓదార్చి పంపారు.

సాయెబు మామను మాత్రం వదల్లేదు. కనిపించినప్పుడల్లా పోరాను. చివరికి, మా వీధి చివర ఒక ముసలామె పోయిన రోజు, ఆయనే డోలు భుజానికి తగిలించుకుని, గుంపు తంబుర చేత పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"లెయ్ అన్నా. ఎవుడేమంటాడో నేను చూస్తా."

గెలిచాననుకున్నాను. నాన్న మంచం మీంచి లేవలేదు.

"నువ్వు పో" అన్నాడు.

"ఏమన్నా, అలిగినావా?"

"అలక గాదురా." నాన్న నా వైపు చూడలేదు. "ఆ సినిమా చూసినకాడి నుంచి పాట ఎత్తుకుంటే సాలు, ఆయమ్మి మీద పడి ఏడ్చేటోడే కనపడ్తాండాడు. ఈడ కూసోని గొణుక్కున్నా గొంతు పూడుకుంటాది. శవం ముందర కూసుంటే నిజంగానే ఏడుస్తానేమో."

మామ తంబురను గోడకు ఆనించబోయి, మళ్లీ చేతిలోకే తీసుకుని వెళ్లిపోయాడు. కొంతసేపటికి వీధి చివర ఎవరిదో గొంతు పల్లవి ఎత్తుకుంది. నాన్న లేచి వెళ్లి తలుపు మూశాడు.