ఇసుకదిబ్బ మీద చెలమ

ఈ ఉదయం పేపర్లో నా చెయ్యి పడింది. వేళ్లూ, రెండు గాజులూ, అంతే. ఇసుకలో చిన్న గుంట, అందులో నీళ్లు, అంచున నా చెయ్యి. కింద పెద్దక్షరాల్లో ‘మనిషి అడుగుపడని అభయారణ్యంలో ప్రకృతి తవ్విన మంచినీటి ఊట’ అని ఉంది. నేను యాభై దాటాక చదువు నేర్చినదాన్ని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాను. అలా చదివేవాళ్లకు అబద్ధం కూడా నెమ్మదిగానే దిగుతుంది.

ఆ ఊట సంగతి చెప్పాలంటే ముందు మా వదినగారి సంగతి చెప్పాలి. మావారి అక్క, అమలాపురంలో మేడగల మనిషి. పెళ్లయిన నాటినుంచి నన్ను ‘ఇసుకదిబ్బ పిల్ల’ అనే పిలిచారు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఆ దిబ్బ మీద మా నాన్న తాటాకు పాక వేసుకుని పీతలు పట్టేవాడు. అక్కడి గాలి అన్నంలో కూడా ఇసుక వడ్డించేది. మాతో కలిపి నాలుగు కుటుంబాలు. తరువాత పక్షుల కోసమని మమ్మల్ని లేపేసి, దిబ్బని అభయారణ్యం చేశారు. పక్షుల్ని నేనేమీ అనను. అవి ఎప్పుడూ మమ్మల్ని పొమ్మనలేదు.

నలభై ఏళ్లు వెక్కిరించిన ఆ దిబ్బని చూడ్డానికే వదినగారు పోయిన వారం టికెట్టు కొని, తోడుగా నన్ను లాక్కెళ్లారు. పడవ దిగగానే ఆవిడ పూలటోపీ గాలికి ఎగిరి మడచెట్లలో పడింది. “ఎంత ప్రశాంతంగా ఉందే!” అన్నారు, నోట్లో ఇసుక ఉమ్ముతూ. “ఇక్కడ మనిషన్నవాడు ఎప్పుడూ కాపురం లేడండీ,” అని మొదలెట్టాడు గైడు. సరిగ్గా మా పాక ఉన్నచోట నిలబడే చెప్పాడు.

మధ్యాహ్నానికి గాలి ముదిరింది. మమ్మల్ని తీసుకెళ్లాల్సిన పడవ రాలేకపోయింది, తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. వదినగారికి షుగరు. నాలుక పిడచకట్టి, మాట తడబడి, ఇసుకలో కూలబడ్డారు. గైడు ఫోను పైకెత్తి సిగ్నలు వెతుక్కుంటున్నాడు. నేను ఊదాపూల తీగ దట్టంగా పాకిన పల్లం వెతుక్కున్నాను. మా అమ్మ అలాంటిచోటే చెలమ తవ్వేది.

“ఇక్కడ తవ్వకూడదండీ, రూల్సు ఒప్పుకోవు,” అన్నాడు గైడు.

“ఆయ్, అయితే ఆ రూల్సే పిండి ఆవిడ నోట్లో పొయ్యండి బాబూ,” అన్నాను.

మోచేతి లోతు తవ్వినా పొడి ఇసుకే. అప్పుడు నేను భయపడింది వదినగారి కోసమా, ఇక్కడ మా అమ్మ బతికిందనడానికి ఆనవాలు లేకుండా పోతుందేమోననా, ఇప్పటికీ చెప్పలేను. ఇంకో జానెడు తవ్వాక వేళ్లకు తడి తగిలింది. నీళ్లు ఊరి, తేటపడేదాకా ఆగి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొబ్బరిచిప్పతో తాగించాను. రెండు చిప్పలు తాగి వదినగారు కళ్లు తెరిచారు. “కాస్త ఉప్పగా ఉన్నాయే,” అన్నారు. మూడోది అడిగారు. గైడు అప్పుడు ఫోటో తీశాడు.

సాయంత్రం గాలి తగ్గాక పడవొచ్చింది. ఈ పొద్దున్నే వదినగారి ఫోను. “చూసేవా, మన ఊట పేపర్లో పడింది!”

“ప్రకృతి తవ్విందని రాసేరండీ.”

“పోనిద్దూ, ఎవరు తవ్వితే ఏంటి? ఫోటో బాగుంది,” అన్నారు.

ఆ చెలమ మర్నాటికే గాలికి పూడిపోయి ఉంటుంది. ఈ పేపరు రేపు బజ్జీల కిందికి పోతుంది. మా అమ్మ రోజూ కొత్త చెలమ తవ్వుకునేది, నిన్నటిది ఏమైందని వెనక్కి చూసేది కాదు. నాకు మాత్రం చదవడం వచ్చాక, ఎప్పుడో పూడిన చెలమలు కూడా మళ్లీ ఊరుతున్నాయి.