ఆదోని ట్రంకు బోర్డు అక్క

వారం ముసురు పోయి పొద్దున్నే ఎండ కాసింది. ఎమ్మిగనూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు తుడిచి, రోజూ చేసినట్టే లైను చూద్దామని ఆదోనిని పిలిచాను. కొత్తగా చేరిన అమ్మాయి పలికింది.

"లైను బాగుందన్నా. రాత్రి అక్క పోయింది. సాయంత్రం శవాన్ని ఎత్తుతారంట."

అక్క అంటే ఆదోనిలో ఊళ్ల మధ్య ఫోన్లు కలిపే ట్రంకు బోర్డులో పెద్ద ఆపరేటరు. ఏళ్ల తరబడి ఒకే తీగకు ఆ కొసన ఆమె, ఈ కొసన నేను కూర్చున్నాం. ముఖాలు చూసుకున్నది తక్కువ.

మా ఊరి నుంచి ఆదోనికి ఉన్నవి రెండే లైన్లు. ఒక లైను మీద ఒకసారి ఒక్కరి మాటే పోతుంది. ఎవరికి ఎవరో రెండు వైపులా పేర్లు చెప్పించుకున్నాకే అక్క పిన్ను గుచ్చి లైను కలిపేది. మధ్యలో పలికి చూసేది లైను ఉందా లేదా అని మాత్రమే. పత్తి ధర ఎంతకు తెగిందని నేనడిగితే, "మాట వాళ్లది, తీగ మనది" అనేది.

ఒక వానాకాలం గాలికి స్తంభం పడి ఒక్క లైనే మిగిలింది. ఆ రోజే మగ్గం గుంటలో మా చిన్నాయనను పాము కరిచింది. మా డాక్టరు దగ్గరున్న సూది మందు చాలలేదు. ఆదోని నుంచి నాలుగింటి బస్సుకు రావాలి. లైను మీద మా ఊరి బట్టల సేటు, ఆదోని పత్తి సేటు బేరంలో ఉన్నారు.

నేను లైన్లోకి పోయి "అక్కా!" అన్నాను.

"మాట మధ్యలో ఎవురప్పా అది?" అని ఆదోని సేటు గద్దించాడు.

విషయం చెప్పాను. సేట్ల ఫోను తెంపడం అక్క చేతిలో పనే. తెంపలేదు, అడిగింది.

"సేటూ, మీరు రేటు ఆలోచించుకునేంతసేపు లైను నాకియ్యండి."

"ఆలోచించేదానికి గూడా దుడ్డు కడతాండామమ్మా!" అన్నాడు సేటు. అంతలోనే, "కానీ తల్లీ, కానీ" అన్నాడు.

మందు పేరు నా చేత రెండుసార్లు చెప్పించుకుని, ఆదోని ఆసుపత్రికీ బస్టాండుకూ ఆమే ఫోన్లు చేసింది. మందు కండక్టరు చేతికి అందిందని చెప్పాక సేట్లను మళ్లీ కలిపింది.

"యాడ ఆపినామమ్మా మేము?"

"నాకేం తెలుసు సేటూ? నేను విన్లేదు కదా."

ఇద్దరు సేట్లూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, బస్సు ఇంకా దారిలోనే ఉంది. ఆ బస్సులో మందొచ్చింది. చిన్నాయన బతికాడు.

తర్వాత ఒకసారి, ఎందుకు తెంపలేదని అడిగాను. "అడిగితే ఇచ్చే మనుషులప్పా. తెంపింటే రేపు అడిగేదానికి నోరుంటాదా?" అంది.

ఈ రోజు అమ్మాయి చెప్పిన కబురు చిన్నాయనకు పంపాను. నేను పోదామంటే బోర్డు దగ్గర నాకు బదులు కూర్చునేవాళ్లు లేరు. లైన్లు పనిచేస్తూనే ఉన్నాయి. చిన్నాయన సగం నేసిన చీరను మగ్గం మీదే వదిలి, పన్నెండింటి బస్సుకు ఆదోని వెళ్లాడు.