గోడకి మొలిచిన దోస

మా మనవరాలు డాబా మీద వెయ్యడానికి రకరకాల దోస గింజల పొట్లాలు ముందేసుకుని, "ఏది పెడదాం అమ్మమ్మా?" అంటంది. పొట్లాల మీద బొమ్మలు చానా బాగున్నాయి. కాసేది కూడా అట్టాగే ఉంటదో లేదోనని నా బెంగ.

మన చిన్నప్పుడు బొమ్మలెక్కడివి వదినా? విత్తనానికి దాచే గింజల్ని పేడలో, బూడిదలో కలిపి పిడకలాగా గోడకి కొట్టేవాళ్ళు, గుర్తుందా? రెంటచింతల మేనత్త ఏదో కొత్తరకం దోస గింజలిస్తే మా నాయనమ్మ అట్టాగే కొట్టింది. ఏ రంగు కాయో, ఏం రుచో ఎవరికీ తెలవదు. అమ్మ చూసుకోకుండా వాటి మీదే ఎర్రమట్టి మెత్తింది. నాలుగు రోజులకి పచ్చిగోడ నిండా మొలకలు!

"విత్తనమంతా పోయింది నాయనమ్మా," అని నేను ఒకటే ఏడుపు.

"పోయిందంటావేందే? మొలిచిందిగా!" అని మట్టిపెళ్ళలతో సహా పెకలించి పాదులో పెట్టింది.

ఒక్క తీగే బతికింది, ఒక్క కాయే కాసింది. పండి తనంతట తనే పగిలితే లోపల తెల్లగా, పిండిలాగా ఉంది. కాయ చేదైతే దాని గింజ దాచకూడదు. అందుకని ముందు నాయనమ్మే ముక్క నోట్లో వేసుకుంది. అందరం ఆమె మొహమే చూస్తన్నాం.

"చేదా అత్తా?" అంది అమ్మ.

నాయనమ్మ చెయ్యి చాపి రెండో ముక్క తీసుకుంది.