మా బావ తప్పు చెప్పలేదు

ఏడేళ్ల కిందట నేత సంఘం హాల్లో, ఇరవై మంది చూస్తుండగా, మా అక్క భర్త తప్పుడు లెక్క చెప్పాడని అన్నాను. కావాలనే చెప్పాడని కూడా అన్నాను. ఆయన చెప్పిన లెక్క సరైనదే. ఆ సంగతి మర్నాడు పొద్దున్నే నాకు తెలిసింది. తెలిశాక నేను చేసిన పని అంతకంటే అన్యాయం. సిద్దిపేటలో ఇప్పటికీ కొందరు ఆయన్ను ఉల్టా లెక్కలాయన అంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పాత బస్టాండు వెనక నాకొక డీటీపీ షాపు ఉంది. పెళ్లి పత్రికలు అందరూ చేస్తారు. నాకు తిండి పెట్టింది మాత్రం కాలేజీల లెక్కల ప్రశ్నపత్రాలు. వాటిని అచ్చుకు పేర్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అందులో నొక్కడానికి బటన్లు ఉండవు. ఉత్త అక్షరాల ఫైలు రాసి, మధ్యమధ్య ఆజ్ఞలు రాయాలి. ఒక పనిని ఒక్కసారి వివరంగా చెప్పి దానికో పేరు పెట్టుకుంటే, ఆ పేరు రాసినచోటల్లా ఆ పని జరిగిపోతుంది. దాన్నే మాక్రో అంటారు. కాగితం మీదికి పోవాల్సిన పేజీ నెట్‌లోకి పోయేట్టు నేను ఆ మాక్రోలను తిరగరాసుకున్నాను. ఈ ఊళ్లో ఇంకెవరికీ రాని పని అది. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

మాదీ నేత ఇల్లే. కానీ మా నాయిన నేసింది తువ్వాళ్లు. తువ్వాలకు లోపలా బయటా ఉండదు, రెండువైపులా ఒకటే. నేనైతే మగ్గం గుంటలో కాలే పెట్టలేదు. మా బావ చీర కొంగుకు గొల్లభామ బొమ్మలు నేసేవాడు. కుడిచేత్తో తల మీది కుండ పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి బొమ్మ అది. పోగులు లెక్కపెట్టుకుంటూ, రంగు దారాన్ని ఒక్కో వరుసలో చేత్తో దూర్చాలి. ఆయన దృష్టిలో నా పని పనే కాదు.

“ఫ్యాను కింద కుర్చీల కూసోని చేసేది గూడ పనేనా బామ్మర్దీ?” అనేవాడు, నలుగురు ఉన్నప్పుడే.

నేనూ తక్కువ తినలేదు. ఆయన మగ్గం దగ్గర గడ్డం గీసుకునే చిన్న అద్దం ఒకటి ఉండేది. అప్పుడప్పుడు దాన్ని బట్ట కిందికి జరిపి వంగి చూసేవాడు. “మీసాలు చూస్కోకుంటే పోగు పడదా బావా?” అని నేనంటే వచ్చినవాళ్లు నవ్వేవారు. ఆయన “నీకు తెల్వదు తియ్యి” అని పని చేసుకునేవాడు. ఆ అద్దం ఎందుకని నేను ఏనాడూ అడగలేదు.

సంఘం కార్యదర్శి నేత మానేసి చాన్నాళ్లయిన మనిషి. పాత బొమ్మలు మనుషుల తలకాయల్లోనే ఉన్నాయని, వాటిని నెట్‌లో పెడితే నేర్చుకునేవాళ్లు ఫోన్లో చూసుకుంటారని ఆయన ఆలోచన. పేజీలు అయ్యాక శిక్షణ మొదలవుతుంది. నేర్పేది మా బావే అని అందరూ అనుకున్న మాట. బావకు అన్నిటికన్నా ఆశ దాని మీదే. బయటికి అనడు గానీ, అక్క అప్పటికే ఆయనకో కొత్త అంగీ కుట్టించి పెట్టింది.

రెండు నెలలు ఆదివారాలు వాళ్లింట్లో కూర్చున్నాం. ఆయన మగ్గం ముందు కూర్చుని వరుస వరుసగా చదివేవాడు.

“మూడు ఇడువు. రెండు ఎయ్యి. ఒకటి ఇడువు. నాలుగు ఎయ్యి.”

విడిచిన పోగుకు నేను చుక్క కొట్టేవాణ్ని, వేసిన పోగుకు ఇంటూ గుర్తు. ఫైలు నిండా చుక్కలూ ఇంటూలే. చుక్కను తెల్లగడి, ఇంటూను ఎర్రగడి చేసి, పైన బొమ్మ పేరు పెట్టి పేజీ తయారుచేసే మాక్రో నాది.

“నెట్ల పెట్టినంక ఇగ నన్నెవలు అడుగుతరు?” అన్నాడొకరోజు.

“నీ పేరే ఉంటది గద బావా.”

“పేరుతోని కొంగు నేస్తరా?”

అలా అంటూనే ఒక్క వరుస కూడా దాచుకోలేదు. ప్రతి బొమ్మా అయ్యాక నాతో తిరిగి చదివించుకునేవాడు. నేనొక చుక్క ఎక్కువ చదివితే కళ్లు మూసుకునే పట్టేవాడు. నలభై ఒక్క బొమ్మలు అట్లా అయ్యాయి. ఆ పేజీలను చీరల పక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు. నా మాక్రో తప్పు చేస్తుందని నేను అనుకుంటే కదా.

సంఘం హాల్లో గోడ మీద తెర కట్టి పేజీలు చూపించాను. మొదటి బొమ్మ పడగానే వెనక బెంచీ మీంచి ఒకాయన అన్నాడు.

“గీమె ఎడమచేతి వాటమా?”

హాలంతా నవ్వు. కుండ పట్టుకున్న చెయ్యి ఎడమచెయ్యి. రెండో బొమ్మ అట్లాగే. పదో బొమ్మ కూడా. ఒకాయన లేచి కొంగు తెచ్చి తెర పక్కన పట్టాడు. బొమ్మ బొమ్మంతా ఉల్టా.

“ఏందిది?” అని కార్యదర్శి నావైపు చూశాడు.

నేను బావవైపు చెయ్యి చూపించాను. “ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టిన. మిషిన్ అబద్ధమాడదు. చెప్పినోడు ఉల్టా చెప్పిండు.”

బావ లేచాడు. “మగ్గం మీద నాకు ఎట్ల కనబడ్డదో అట్ల చెప్పిన.”

అప్పటికి బొమ్మ నేసేవాళ్లు ఆయన కాక ఇద్దరే. వాళ్లలో ఒకాయన “మా మగ్గం మీద సీదనే కనబడ్తది గద” అన్నాడు. రెండో ఆయన తలూపాడు.

నేను అక్కడ ఆగాల్సింది. “ఇగ మగ్గం మీద పెడుతుండు తప్పు. పేజీలు రావద్దని మొదటిసంది ఉంది ఈయనకు. కావాలనే ఉల్టా చెప్పిండు” అన్నాను.

బావ చెప్పులు వేసుకుని పోయాడు.

మర్నాడు పొద్దున అక్క ఇంటికి పోయాను, ఇంకో నాలుగు మాటలు అందామనే. బావ లేడు. మగ్గం మీద సగం నేసిన బొమ్మ ఉంది. దాని చెయ్యి ఎడమవైపే ఉంది. పక్కన మడత పెట్టిన చీర కొంగులో అదే బొమ్మ, కుడిచెయ్యి.

“అక్కా, మగ్గం మీద ఇదేంది ఉల్టా ఉంది?”

“మీ బావ బోర్లా నేస్తడు గదరా. బట్ట మొఖం కిందికే ఉంటది. వాళ్ల నాయిన నేర్పిన తీరు. దారం కొసలన్నీ మీదికొస్తయట, చక్కగ కట్టెయ్యొచ్చట. కింద మొఖం ఎట్ల వస్తుందో అద్దం పెట్టి చూస్కుంటడు. ఇన్నేండ్లు వచ్చి పోతున్నవ్, చూళ్లేదా?”

చూశాను. చూసి నవ్వాను, అంతే.

ఆ పూటే షాపుకు పోయి మాక్రోలో ఒక్క వరుస కలిపాను. ప్రతి వరుసనూ కుడి నుంచి ఎడమకు చదవమని దాని అర్థం. మళ్లీ నడిపిస్తే నలభై ఒక్క పేజీలూ తిరిగిపోయాయి. పది నిమిషాల పని. వాటిని నెట్‌లో పెట్టాక కార్యదర్శి ఫోన్ చేశాడు.

“తప్పులన్నీ సరిచేసినవట గద.”

“సరిచేసిన” అన్నాను.

నా అబద్ధం ఆ ఒక్క మాటే. బావ ఉల్టా చెప్పలేదు, ఆయన మగ్గం తీరు నాకు తెలియలేదు అని చెప్పడానికి అంతకంటే పెద్ద శ్రమ లేదు. చెబితే ఈసారి నన్ను చూసి నవ్వుతారు. శిక్షణ పని ఇంకొకరికి ఇచ్చారు. అక్క ఆ అంగీని ఎవరికి ఇచ్చిందో నాకు తెలియదు.

తర్వాత మా మధ్య మాటల్లేవు, ఎత్తిపొడుపులు మాత్రం ఉన్నాయి. గజ్వేల్‌లో ఒక పెళ్లికి నేను పోతే ఆయన పందిట్లో గట్టిగా అన్నాడు. “పెద్దసార్ వచ్చిండు, కుర్చీ ఎయ్యున్రి. ఉల్టా ఎయ్యకున్రి, సరిచేస్తడు.” నేను ఊరుకోక, “ఉల్టా లెక్కలు చెప్పినోళ్లకు కుర్చీ గూడ ఉల్టానే కనబడ్తది” అన్నాను. నిజం తెలిసి కూడా అన్నాను. అక్క మధ్యలో నిలబడి ఇద్దరినీ తిట్టింది. ఆ తర్వాత మా ఇంటికి రావడం మానేసింది.

ఈ ఎండాకాలం పేజీలను వేరే సర్వర్‌కు మార్చాల్సి వచ్చి పాత ఫైళ్లు తెరిచాను. బావ చెప్పిన చుక్కలూ ఇంటూలూ ఆదివారాల్లో చెప్పినట్టే ఉన్నాయి, ఒక్కటి కదల్లేదు. మాక్రో ఫైల్లో నేను కలిపిన వరుస ఉంది. దాని పక్కన నాకోసం నేను రాసుకున్న మాట ఒకటి ఉంది. మిషిన్ ఆ మాటను చదవదు, వదిలేస్తుంది. ఫైలు తెరిచేది నేనొక్కణ్నే. “చెప్పినవాని తప్పు సవరణ” అని రాసి ఉంది. ఎవరూ చూడనిచోట కూడా నేను అబద్ధమే రాసుకున్నాను.

రెండు రోజులాగి అక్క ఇంటికి పోయాను. బావ మగ్గం మీదే ఉన్నాడు. చూపు తగ్గిందట. తువ్వాళ్లు నేస్తున్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. ఆయన కాళ్లు ఆపలేదు.

“నాకెందుకు చెప్తున్నవ్? నేను సీద చెప్పిన్నని నాకు తెల్వదా? తెల్వంది వాళ్లకు.”

“సంఘంల చెప్త బావా.”

“చెప్పు” అని తువ్వాల అంచు చూపించాడు. “గివి మంచిగున్నయి. రెండు దిక్కుల ఒక్క తీరే. ఎవ్వడు వచ్చి ఉల్టా అననీకి జాగ లేదు.”

సంఘం హాల్లో ఈసారి ఎనిమిది మందే ఉన్నారు. కార్యదర్శి “పాత ముచ్చట ఇప్పుడెందుకు” అని గొణిగాడు. నేను తెర కట్టి, నా వరుస తీసేసి పేజీ చూపించి, ఇది మా బావ చెప్పింది, ఇది ఆయన మగ్గం మీద కనబడే బొమ్మ, తప్పు నాది అన్నాను. ఆనాడు సీదనే కనబడ్తది అన్న ఆయన తల దించుకుని, “బోర్లా నేస్తడని ఎన్నడూ చెప్పకపాయె” అన్నాడు. “మీరు అడిగిన్రా? నేను అడగలే, మీరూ అడగలే” అన్నాను. నా గొంతు లేచింది. ఎవరి మీద లేపానో నాకే తెలియలేదు.

మళ్లీ నా వరుసను దాని చోట పెట్టి, పక్కనున్న మాట కొట్టేశాను. ప్రతి పేజీ కిందా ఒక వాక్యం వచ్చేట్టు చేశాను. ఈ లెక్క చెప్పిన నేతగాడు సరిగానే చెప్పాడు, ఆయన బోర్లా నేస్తాడని తెలియక తప్పు అన్నది ఈ పేజీలు చేసిన నేను, అని. అక్కకు ఫోన్లో చదివి వినిపించాను. స్పీకర్ పెట్టినట్టుంది, వెనక నుంచి బావ గొంతు వచ్చింది.

“నలభై ఒక్కదానికి రాసినవా?”

“అన్నిటికీ వస్తది బావా. మాక్రోల ఒక్కసారి రాస్తే చాలు.”

“ఒక్కసారా?” అని నవ్వాడు. మంచి నవ్వు కాదు. “అప్పుడు గూడ ఒక్కమాటే అన్నవ్, ఊరంత పోయింది. నేను ఒక్కో బొమ్మకు ఒక్కో పోగు చేతితోని దూర్చిన. నువ్వు గూడ చేతితోని రాయి. నలభై ఒక్కసార్లు.”

అక్క ఫోన్ పెట్టేసింది.

మాక్రోలో ఆ వాక్యం తీసేశాను. ఒక్కో ఫైలూ తెరిచి, చుక్కల కింద, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కొట్టాను. దేన్నీ కాపీ చేయలేదు. చేస్తే ఎవరికీ తెలియదు, కానీ ఎవరికీ తెలియదు అన్న లెక్క నేను ఇంతకుముందు ఒకసారి వేసినవాణ్నే. పన్నెండో ఫైలుకు విసుగొచ్చింది. ఇరవయ్యో ఫైలుకు బావ మీద కోపం కూడా వచ్చింది. ఇదంతా అయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది.

పోయి చెప్పాను. ఆయన మగ్గం మీంచి తలెత్తలేదు.

“అన్నీ చేతితోనేనా?”

“చేతితోనే.”

“మల్ల చదువుకో. ఏడనో తప్పు పోయే ఉంటది.”

షాపుకొచ్చి మొదటి పేజీ నుంచి చదివాను. ఇరవై తొమ్మిదో పేజీలో ఒక అక్షరం తప్పు పోయింది.