రెండు కెమెరాలు, ఒక గొంతు

మోపిదేవి దాటాక రోడ్డు కనిపించలేదు. ట్రక్కు దిగి సామాను పడవలోకి ఎక్కించాం. వాన ఆగింది, గాలి తగ్గలేదు. మధ్యాహ్నానికి కరకట్ట మీది హైస్కూలుకి చేరాం. వరద వైద్యానికి అదే మా పోస్టు. ముందు కృష్ణ, వెనక మునిగిన వరి చేలు. మేం దిగిన కాసేపటికే ప్రవాహం పెరిగిందని పడవలు ఆపేశారు.

నేను అప్పుడు ఆర్మీ నర్సుని, లెఫ్టినెంట్‌ని. మాది గుడ్లవల్లేరు. బస్సులు తిరిగే రోజుల్లో అయితే సాయంత్రానికి ఇంట్లో ఉండేదాన్ని. సొంత జిల్లాలో, యూనిఫాంలో, ఎటూ కదల్లేకుండా ఉండిపోయాను.

మా మేజర్ గారు మత్తు డాక్టరు, తమిళులు. మెడికల్ హవల్దారుది శ్రీకాకుళం. ఇంకొకతను వైర్‌లెస్ ఆపరేటర్. "మేడమ్ గారికి రేషన్‌లో మాటలు ఇవ్వడం మర్చిపోనారు," అని హవల్దారు నన్ను ఏడిపించేవాడు.

ఊపిరి ఆగిపోతున్న మనిషి శ్వాసనాళంలోకి గొట్టం వెయ్యాలి. మామూలుగా కంటితో చూసి వేస్తారు. నోరు తెరుచుకోకపోతే దారి కనిపించదు. అందుకోసం మా దగ్గర కెమెరా పరికరాలు రెండున్నాయి. ఒకటి లావు. దాని పక్కన గాడి ఉంటుంది, గొట్టం అందులోంచి నేరుగా జారుతుంది. రెండోది పల్చన, బాగా వంపు. దారి తెర మీద చక్కగా చూపిస్తుంది, గొట్టాన్ని మాత్రం చేత్తో నడపాలి. కష్టమైన గొంతులకి ఏది మేలో చూసి చెప్పమని పైనుంచి ఆర్డరు. ప్లాస్టిక్ బొమ్మ మీద అందరం లావుదానికే ఓటేశాం.

మర్నాడు మధ్యాహ్నం, గట్టు మీద గేదెని విప్పుతుంటే పాము కాటేసిన రైతుని మంచం మీద మోసుకొచ్చారు. విరుగుడు ఎక్కించాం. అయినా రెప్పలు వాలిపోయాయి. ఉమ్మి మింగలేకపోతున్నాడు. ఊపిరి పైపైనే ఆడుతోంది. నోరు రెండు వేళ్ళ సందుకి మించి తెరుచుకోదు.

"గుట్కా అండీ," అంది భార్య. "ముద్దలు కూడా చిన్నవి చేసి పెడతాను."

ఆపరేటర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. "హెలికాప్టర్ గాలి తగ్గేదాకా రాదట సార్. ఓవర్."

"నా దగ్గర ఓవర్ ఎందుకయ్యా," అన్నారు మేజర్ గారు.

పూర్తి మత్తు ఇచ్చాక గొట్టం వెళ్ళకపోతే, ఆడుతున్న ఆ కాస్త ఊపిరీ పోతుంది. "మెలకువగానే వేద్దాం. గొంతుకి తిమ్మిరి మందు కొట్టండి," అన్నారు.

"ఇంకా మెలకువేటి సార్, మనిషి అయిపోనాడు," అన్నాడు హవల్దారు.

నేను రైతు చెవి దగ్గరికి వంగాను. "బాబాయ్, వినిపిస్తుంటే కాలి వేలు కదపండి."

వేలు కదిలింది. హవల్దారు తిమ్మిరి మందు అందుకున్నాడు.

"సిస్టర్, మీరు మాట్లాడుతూ ఉండండి. ఆపొద్దు. ఇది ఆర్డర్," అన్నారు మేజర్ గారు.

ఒక చేతిలో తెర పట్టుకుని మొదలుపెట్టాను. మా ఊరు చెప్పాను. గేదెని స్కూలు వరండాలో కట్టేశారని, భార్య కాళ్ళ దగ్గరే ఉందని చెప్పాను. లావుది పళ్ళ దగ్గరే ఆగిపోయింది. వెంటనే తీసేసి పల్చనిది పెట్టారు. స్వరతంతువులు తెర మీద తెల్లగా, స్పష్టంగా కనిపించాయి. గొట్టం కొస పక్క గోడకి తగిలింది. మళ్ళీ తోశారు. మళ్ళీ తగిలింది.

"దారి కనిపిస్తోంది, పోలేకపోతున్నాను," అన్నారు ఆయన నెమ్మదిగా.

మానిటర్ చప్పుడు మందగించింది, ఆక్సిజన్ పడిపోతోంది. ఆయన గొట్టం బయటికి లాగి, అది వంగిపోకుండా లోపల ఉండే తీగని పరికరం వంపుకి సరిగ్గా వంచారు. నేను ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. ఈసారి గొట్టం దూరింది.

తెల్లారేదాకా యంత్రమే రైతుకి ఊపిరి పోసింది. పొద్దున్నే ప్రవాహం తగ్గింది, పడవలో దాటించి బందరు ఆస్పత్రికి పంపాం. తర్వాత ఇంటికి నడిచి వెళ్ళాడని ఆపరేటర్ కబురు తెచ్చాడు. బొమ్మల నోళ్ళన్నీ బాగా తెరుచుకుంటాయని మేజర్ గారు రిపోర్టులో రాశారు.

నీళ్ళు తగ్గాక బందరు మీదుగా గుడివాడ వైపు వచ్చాం. గుడ్లవల్లేరులో నన్ను దింపారు. అమ్మ అన్నం పెట్టి, అక్కడ ఏం చేశావని అడిగింది. గొట్టం వేశామని చెప్పాను.

ఒకటి చెప్పలేదు. గొట్టం రెండుసార్లు తగిలిన తర్వాత, ధైర్యం చెబుదామని బొటనవేలితో రైతు రెప్ప ఎత్తాను. కనుగుడ్డు కదల్లేదు. నేనున్న వైపు అది చూడలేదు. నా చేతిలోని తెర సరిగ్గా దానికి ఎదురుగా ఉంది. తడి లేని ఆ నల్లగుడ్డులో, గోరంత వెలుగులో, ఆయన గొంతు కనిపిస్తోంది.