సోమవారం పాఠం, వెనకబడ్డ గడియారం

బాగుచేయించి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ తప్పు టైము చూపించింది. ఆ తప్పుకు మా అక్క చేత మాటలు పడింది మాత్రం నేను.

పుదుచ్చేరిలో మాది తరాలనాటి తెలుగు ఇల్లు. మాట్లాడతాం, చదవలేం. మిల్లులో పనిచేసే రోజుల్లో, యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఉద్యోగి ఇంట్లో పిల్లల పాత వాచకాలు అడిగి తెచ్చుకుని నా అంతట నేనే అక్షరాలు నేర్చుకున్నాను. ఊళ్ళోనే తేంగాయితిట్టులో ఉండే మా అక్క అరవం చక్కగా చదువుతుంది. ఎనభై దాటాక ఆమెకు ఒక కోరిక పుట్టింది. "ఇన్నేళ్ళు నోట్లో పెట్టుకున్న మాట కంటికి ఎట్లుంటాదో చూస్తాన్రా" అంది.

ఎదురెదురుగా కూర్చుంటే మా ఇద్దరికీ పోట్లాటే. అందుకని ప్రతి సోమవారం భోంచేశాక పెద్ద పెద్ద అక్షరాలతో పాఠం టైపు చేసి మెయిల్లో పంపేవాణ్ని. ఆమె కోడలు ఫోనులో తెరిచి చూపించేది. అక్క కాగితం మీద దిద్ది, ఫోటో తీయించి పంపేది. అలా ఒత్తుల దాకా వచ్చాం.

అంతలో ల్యాప్‌టాప్ మొరాయించింది. ముదలియార్‌పేటలో మా వీధి చివరి రిపేరు అంగడిలో ఇచ్చాను. కొత్త డిస్కు వేసి, కొత్త సిస్టమ్ ఎక్కించారు. నా తెలుగు టైపింగు పాత సిస్టమ్‌లో ఉంది కాబట్టి దాన్నీ పక్కనే ఉంచారు. తెరిచేటప్పుడు ఏది కావాలో ఎంచుకోవాలి. దాని వేగం చూసి మురిసిపోయాను. తెర మూలనున్న గడియారాన్ని మాత్రం చూసుకోలేదు. నాకు చేతి వాచీ ఉంది.

ఆ తర్వాత అక్క నుంచి దిద్దిన కాగితాలు రావడం మానేశాయి. ఫోను చేస్తే కోడలు, "అత్తకు మోకాలు నొప్పి మామా" అనేది. మోకాలితో చదువుతుందా ఎవరైనా? ఉండబట్టలేక ఒకరోజు ఆటో ఎక్కి పోయాను. అక్క వాకిట్లో చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది.

"రా దొరా! ఏ కాలం చూసుకొని వచ్చినావు?"

"ఏందక్కా ఇది? దిద్దిన పాఠాలు యాడ?"

"నీ పాఠం నువ్వే పెట్టుకో. సోమవారం పొద్దున ఎనిమిదికి ఏముంటాదిరా? రాహుకాలం! ఇన్నేళ్ళు నన్ను ఎక్కిరించినావు, సరి పోనీ అనుకున్నా. అక్షరం కూడా రాహుకాలంలోనే పంపాల్నా?"

"నేను పంపేది అన్నం తిన్నాక గదా!"

"ఇదో చూడండి మామా" అని కోడలు ఫోను చూపించింది. ల్యాప్‌టాప్ బాగుచేయించాక నేను పంపిన ప్రతి పాఠం పక్కనా ఉదయం ఎనిమిదికి అటూ ఇటూగా టైము పడి ఉంది.

ఆ వేళలో మా ఊళ్ళో చాలామంది కొత్త పని మొదలుపెట్టరు. నేను అది నమ్మను. నమ్మనని నలుగురికీ చెప్పుకుంటూ తిరిగినవాణ్ని. అందుకే నా మాట ఆమె నమ్మలేదు.

ఇంటికొచ్చి తెర మూల చూస్తే గడియారం వెనకబడి ఉంది, మెయిలు మీద పడింది ఆ టైమే. తిన్నగా అంగడికి పోయి నిలదీశాను. "పాత మిషన్ గదా సార్, లోపల సెల్లు అయిపోయుంటాది" అని అంగడివాడు రూపాయి బిళ్లంత సెల్లు మార్చాడు. ఇంటికొస్తే మళ్ళీ అంతే. "చుమ్మా, ఊరికే మీరే టైము మార్చుకోండి సార్, ఏముంది?" అన్నాడు రెండోసారి.

"టైము నేను మార్చుకుంటా. మా అక్కను ఎవరు మారుస్తారయ్యా?"

ఇక నేనే కూర్చున్నాను. పాత సిస్టమ్ ఒక్కటే వాడినంతకాలం టైము సరిగ్గా ఉంటోంది. కొత్తదాంట్లోకి వెళ్ళి తిరిగొస్తే ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. సెల్లు అయిపోతే తప్పు ఇంత లెక్కగా వస్తుందా? వెతికి వెతికి చదివాను. లోపలి గడియారం ఒకటే. పాతది దాన్ని మన టైము అనుకుంటుంది. కొత్తది దాన్నే ఐదున్నర గంటలు వెనకుండే లండన్ టైముకు దిద్ది పెడుతుంది. ఫ్రెంచివాళ్ళ జెండా దిగడం చూసిన కళ్ళు ఇవి. నా బల్ల మీది గడియారం ఈనాడు లండన్‌ను అడగడమేమిటి! లోపలి గడియారాన్ని మన టైములోనే ఉంచమని కొత్తదానికి ఒక్క వరుస ఆదేశం టైపు చేశాను. అటూ ఇటూ మార్చి చూశాను. ఈసారి టైము వెనక్కి పోలేదు. అంగడివాడికి చెబితే, "నాకూ నేర్పించండి సార్" అని టీ తెప్పించాడు. కోపం సగం అక్కడే దిగిపోయింది.

అక్కకు ఫోను చేసి లండన్ సంగతంతా వివరించాను.

"ఓహో. లండన్‌లో రాహుకాలం ఎప్పుడో అదీ కనుక్కొని చెప్పు" అని పెట్టేసింది.

ఆ సోమవారం భోంచేసి, చేతి వాచీ, తెర మీది గడియారం పక్కపక్కన పెట్టి చూసుకుని పాఠం పంపాను: "అమ్మ వంకాయ పులుసు చేసింది. తమ్ముడు తిన్నాడు. అక్క అలిగింది."

సాయంత్రం దాకా ఏమీ రాలేదు. దీపాలు పెట్టే వేళకు ఫోటో వచ్చింది. దిద్దిన పాఠం కాదు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి ఉన్నాయి, కానీ అన్నీ ఆమె చేతివే.

"నేను అలగలేదు. పులుసు అంతా నువ్వే తాగినావు. నాకు గిన్నె మిగిల్చినావు. తప్పు దిద్ది మళ్ళీ పంపు."