మామ ఫోమూ, నా మొండితనమూ

ఆ రోజుల్లో నాకు లోకంలోని గోడలన్నీ రెండే రకాలుగా కనిపించేవి: మంటను ఆపేవి, ఆపుతున్నట్టు నటించేవి. (మనుషుల్నీ అలాగే చూసేదాన్ని. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కాఫీ సగంలో వదిలి ఎందుకు లేచేవారో ఇప్పుడు అర్థమవుతోంది.) గద్వాలలో మగ్గాల చప్పుడు మధ్య చదువు గట్టెక్కిన నాకు, నాగర్‌కర్నూల్‌లో కడుతున్న ఒక దవాఖాన భవనంలో తనిఖీ ఉద్యోగం దొరికింది. పైపులు గోడల్ని, స్లాబుల్ని దాటేచోట మిగిలే సందుల్ని మంటా పొగా దూరకుండా మూశారా లేదా అని చూడాలి. ఒక్కో సందుకూ ఫొటో తీసి, వాడిన సరుకు మంట పరీక్షలో నెగ్గిందన్న కాగితం జతచేసి, సంతకం పెట్టాలి. ఉద్యోగం ఇప్పించింది మా మేనమామ. ఆ భవనంలో పైపుల కాంట్రాక్టరూ ఆయనే. (చిక్కంతా అక్కడే.)

మామ సందులన్నిటిలో తలుపు చట్రాల చుట్టూ కొట్టే, నురగలా ఉబ్బి గట్టిపడే మామూలు ఫోమ్ కొట్టించి, మంటనాపే అసలు సరుకులా కనబడాలని పైన ఎర్రరంగు పూయించాడు.

"ఎర్రగుంది గదా, ఇంకేం గావాలె? సంతకం పెట్టు" అన్నాడు.

"పెట్ట."

"ఏం పెట్ట?" (కోడిపెట్ట అనుకున్నాడో ఏమో.)

"సంతకం పెట్ట మామా. రంగు జూసి మంట ఆగుతదా? పైన మంచాల మీద లేవలేనోళ్లు ఉంటరు. పొగొస్తె వాళ్లు ఉరుకుతరా?"

సాయంత్రానికి అమ్మ ఫోన్. "ఏంది బిడ్డా, నౌకరి ఇప్పిచ్చిన మామనే పరేషాన్ జేస్తున్నవంట?"

"సూడనీకెనే గదమ్మా ఇప్పిచ్చింది. సూస్తున్న."

మర్నాడు మామే పంతానికొచ్చాడు. ఆవరణలో ఇటుక గోడ కట్టించి, రెండు ప్లాస్టిక్ పైపులు దూర్చి, ఒకదాని చుట్టూ తన ఫోమ్ కొట్టించాడు. రెండోదానికి నేను వేడికి ఉబ్బి పైపును నొక్కేసే పట్టీ బిగించాను. ఇవతల పత్తికట్టె అంటించాము. అవతల మామ తెల్లచొక్కాతో, చాయ్ గ్లాసుతో నిలబడి, "సూడుండ్రి, చీమ గూడ దాటదు" అని మేస్త్రీలకు చెబుతున్నాడు. అంతలో ఫోమ్ భగ్గుమంది. నల్లటి పొగ సూటిగా ఆయన ముఖం మీదికే తన్నింది. గ్లాసు ఒకవైపు, మామ ఒకవైపు. నా పట్టీ మాత్రం మెత్తబడ్డ పైపు గొంతు పిసికేసి కదలకుండా కూర్చుంది. మట్టి మోసే అక్క ఒకామె నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది.

దగ్గుతున్న మనిషి వీపు నిమరాలి కదా! నేనేమో, "గిది అసలు పరీక్ష గాదు మామా, లాబ్‌ల కొలిమిల ఇంతకంటె గట్టిగ కాలుస్తరు" అని పాఠం మొదలుపెట్టాను.

"మా ఇంటి గడప తొక్కకు!"

"తొక్క. ముందుగాల ఫోమ్ పీకియ్యి."

పీకించాడు. గోడగోడకూ, తిట్టుకుంటూ. పరీక్ష నెగ్గిన సరుకు కొట్టించాకే నేను సంతకం పెట్టాను. ఆ ఏడు దసరాకు మామ పిలవలేదు. నేనూ ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడు అలాంటి సందు కనిపిస్తే, "దయచేసి పునఃపరిశీలించగలరు" అని మెత్తగా రాసి పంపుతాను. పని అవుతుంది, ఎవరి చొక్కా మాయదు. అయినా పంపే ముందు, మసి ముఖం మామ ఎదుట నడుం మీద చేతులేసుకుని నిలబడ్డ అప్పటి నాలోని ఆ పిల్ల గుర్తొస్తుంది. జర నోరు తగ్గించుకోవే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. చెబితే మాత్రం వింటుందా?